అవ్వ ఆకాశానికి చూపించిన ఫొటో

ఈ పొద్దు మనవరాలు మా పెనుకొండ కొండ ఫొటో ఫోన్లో పంపింది. వాన వెలిసి, బండల మీద నీళ్లు జారుతున్నాయి. పంతొమ్మిది వందల అరవైలలో మా నాయన కూడా డబ్బా కెమెరాతో అచ్చం ఇలాంటి ఫొటోనే తీశాడు. మీకు గుర్తుందా, మెడలో తోలుపట్టీతో వేలాడే ఆ నల్ల డబ్బా?

"మనుషులే ల్యాకుండా ఫొటో ఏందిరా?" అని అవ్వ నాయనను విసుక్కుంది. కానీ ఆ నలుపు తెలుపు బొమ్మలో పచ్చదనం కనపడకపోయినా తడి కనిపించేది. అవ్వ దాన్ని చీరల మడతలో దాచుకుంది.

మరుసటి ఏడు శనక్కాయ విత్తనాలు వలిచి పెట్టుకున్నాం. మబ్బు జాడే లేదు. అవ్వ ఆ ఫొటో పట్టుకుని మిద్దె ఎక్కింది. దాన్ని ఆకాశం వైపు తిప్పి గట్టిగా అడిగింది:

"చూడు సామీ, పోయినేడు ఇట్ల కురిసింటివి కదా! అప్పుడే మర్చిపోతివా?"