తాత మొలబంటి

మొన్న ఆదోని బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటూ, అలవాటుగా ఎడమచేత్తో ఫోన్ చూసుకుంటుంటే ఒక మెసేజ్ వచ్చింది. మీ నదిపటం పాతబడింది, కొత్తదానికి ఇంత కట్టండి, కొత్తది దిగగానే మీరు పెట్టుకున్న పాత గుర్తులన్నీ చెరిగిపోతాయి అని. పోయినేటి కన్నా ధర పెంచారు. ధర చూసి ఒళ్లు మండింది గానీ, ఆ చివరి మాట చదివాక బజ్జీ చల్లారిపోయేదాకా అట్లాగే నిలబడిపోయాను.

ఈ వయసుకే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. నాలాగే పట్నంలో పెరిగి, దారి తెలియకపోతే మనిషిని కాక ఫోన్‌ని అడిగే మీకే ఇది చెబుతున్నాను.

హైదరాబాదులో చదువు కాగానే ఎమ్మిగనూరులో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో చేరాను. తుంగభద్రలో పైపులు వేసే పని. మాధవరం దగ్గర నుంచి కూలీలను, సామాను మోటారు బోటులో అవతలి గట్టుకు చేర్చాలి. అమ్మ పుట్టిల్లు మాధవరమే కాబట్టి తాత, అవ్వల దగ్గరే ఉండేదాన్ని. బోటులో ఒక చిన్న తెర, దానికి నా ఫోన్ జత, ఎక్కడ బండ ఉంది, ఎక్కడ ఇసుక మేట వేసింది, ఎంత లోతుంది అన్నీ అందులో చూసి చెప్పడమే నా ఉద్యోగం. అయితే ప్రతి వరదకీ నది ఇసుకను ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పోస్తుంది గనక ఆ పటాన్ని ఏటా డబ్బు కట్టి కొత్తది చేసుకోవాలి. ఆ ఏడు వరద తీయగానే వెళ్లి, కొత్త పటానికి డబ్బు కట్టమని మా ఓనరును, అంటే ఆ కాంట్రాక్టరును, అడిగాను.

“ఏం పాపా, నది ఏమన్నా ఆదోని బస్సా, రూటు మార్చనీకి? నిరుడు యాడుండెనో ఇప్పుడూ ఆడే ఉండాది పో,” అన్నాడు.

నాకసలే ముక్కుమీద కోపం. మీరు పైసా ఇవ్వకుండానే పటం తయారుచేసి చూపిస్తానని ఆయన ముఖం మీదే చెప్పి, తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

ఎందుకంటే మా తాత నలభై ఏళ్లు పుట్టి నడిపిన మనిషి. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి బుట్టలాంటి పడవ. ఏటా వరద తీశాక తాత ఒక గడ పట్టుకొని నదిలోకి దిగి, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా అడుగడుగూ నడిచి, మారిన లోతులు కాళ్లకు తెలిశాకే మనుషుల్ని పుట్టిలో ఎక్కించుకునేవాడట. పుట్టి మూలపడి అప్పటికి రెండేళ్లు. నేను అడగ్గానే మారుమాట లేకుండా పంచె ఎగగట్టాడు. అవ్వ ఏదో అనబోతే కళ్లతోనే ఆపాడు. అది నేను చూశాను, కానీ ఛార్జింగు ఎంతుందో చూసుకునే తొందరలో పట్టించుకోలేదు.

నాలుగు పొద్దులు తాత నీళ్లలో ముందు నడిచాడు, నేను బోటులో వెనక. మోకాలిబంటి, మొలబంటి, ఎదబంటి అని తాత కేకేస్తే ఫోన్లోని పాత పటం మీదే ఆ చోట గుర్తు పెట్టి, ఆ మాటే తెలుగులో రాసుకున్నాను. అడుగుల్లో ఎంతని అడగాలని తోచలేదు.

ఆ వారమే, అవతలి గట్టు ఊళ్లో అవ్వ వాళ్ల అక్క మంచాన పడిందని కబురొచ్చింది. నా పటం ఉందిగా అన్న గర్వంతో అవ్వను బోటులో ఎక్కించుకున్నాను. గట్టుకు కాస్త ముందే ఇసుకమేటకు తగిలి బోటు ఆగిపోయింది. ఫోన్ చూస్తే మేటకూ గట్టుకూ మధ్య మొలబంటి. నడుముదాకానే అవ్వా, దిగు, చీర తడిస్తే తడిసిందిలే అన్నాను. అవ్వ దిగింది. నీళ్లు ఎద దాటి గొంతుకొచ్చాయి, రెండో అడుగుకే కాలు జారి మునిగింది. బోటు నడిపే అన్న దూకి రెక్క పట్టి లేపేదాకా నేను చేతిలో ఫోన్‌తో కొయ్యలా నిలబడ్డాను.

గట్టెక్కి కొంగు పిండుకుంటూ అవ్వే నన్ను ఓదార్చింది. “మీ తాత మొలబంటంటే నాకు గొంతుబంటి పాపా. తలంబ్రాలు పోయనీకి నన్ను పీటెక్కించినారు, తెల్సునా?” ఆ తడిచీరతోనే పోయి అక్కను చూసుకుంది.

నా భయమంతా ఇంటికొచ్చేసరికి కోపమైంది. ఎవరి మొలో చెప్పాలని తెలియదా అని తాత మీద అరిచాను.

“నీళ్లలో ఉండింది నేనే గదమ్మా. ఇంకెవరి మొల సెప్పేది?” అన్నాడు తాత.

అప్పుడు చూశాను. కాళ్లు చాపుకొని, బూరెల్లా వాచిన మోకాళ్లకు వావిలాకు కట్టుకొని కూర్చున్నాడు.

“నీళ్లలో దిగొద్దని డాక్టరు సెప్పి రెండేండ్లాయ. పుట్టి ఏంటికి మూలేసినాడనుకుంటివి?” అంది అవ్వ, నా వైపు చూడకుండా.

పైసా ఖర్చు లేని పటమని ఓనరు ముందు ఎగిరింది నేనే. తాత పక్కనే కూలబడ్డాను. కాసేపటికి తాతే గోడ పట్టుకొని లేచి, వీపు ఆనించి నిలబడి, బొగ్గుతో గీతలు గీయమన్నాడు. ఇది మోకాలు, ఇది మొల, ఇది ఎద. నేను టేపుతో కొలిచి, ప్రతి గుర్తు దగ్గరా తాత మాట తీసేయకుండా పక్కన అడుగులు రాశాను.

తరువాతి వరదకు తాత లేడు. పైపుల పని అయిపోయింది, ఓనరు బోటు అమ్మేశాడు, నేను ఆదోనిలో వేరే ఉద్యోగంలో కుదురుకున్నాను. గోడకు సున్నం వేయించినప్పుడు ఆ బొగ్గు గీతలూ పోయాయి. ఇన్ని వరదలు పోయాక నా ఫోన్లో ఉన్న పటాన్ని నమ్మి ఎవరైనా దిగితే మునిగిపోతారని నాకు తెలుసు. అయినా మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ‘తర్వాత’ అన్నచోటే నొక్కుతాను. కొత్త పటంలో లోతులన్నీ సరిగ్గానే ఉంటాయి, అడుగులతో అంగుళాలతో సహా. కానీ ఆ నీళ్లలో ఎవరూ నిలబడి ఉండరు.