నీళ్లు తాగనియ్యని మిల్లు

మహబూబ్‌నగర్ పొలిమేరలో ఉన్న ఆ పల్లీల మిల్లులో ఆడవాళ్లు నీళ్లు తాగరు. కుండ లేక కాదు. కుండ ఉంది, నిండుగా ఉంది. తాగితే పోవడానికి జాగా లేదు. మగవాళ్లు గోడ పక్కకు పోతారు. ఆడవాళ్లు పొట్టు కుప్ప చాటుకు పోదామంటే అక్కడ లారీ హమాలీలు బీడీలు తాగుతుంటారు. సేటు గది వెనక లెట్రిన్ ఉంది గానీ దానికి తాళం. తాళంచెవి గుమాస్తా గుర్వయ్య మొలతాడుకు. పొద్దున ఇంట్లో చాయ్ తాగి వచ్చిన ఆడమనిషి పొద్దుగూకేదాకా గింజలు ఏరుతూ గొంతు ఎండబెట్టుకోవాలి.

తండ్రి నేసే మగ్గం మూలకు పడ్డాక సుగుణమ్మ ఈ మిల్లుకే వచ్చింది. అది పంతొమ్మిది వందల తొంభై మూడో సంవత్సరం. ఆడ కానిస్టేబుళ్లను తీసుకుంటారని విని, రోజూ తెల్లారగట్ల రైలు పట్టాల పక్క బాట మీద ఉరికేది. నీళ్లు తాగితే ఒళ్లు బరువైతదని ఎవరో చెబితే నమ్మింది. ఉరికొచ్చినా గుక్కెడే తాగేది. ఆ తర్వాత మిల్లు.

ఎండాకాలంలో ఒకరోజు నడుము పక్క నుంచి పొత్తికడుపులోకి నొప్పి దిగింది. పల్లీ సంచుల మీద పడి మెలికలు తిరిగింది.

“కూలి ఎగ్గొట్టే నాటకాలు,” అన్నాడు గుర్వయ్య.

దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో చూసి చెప్పింది: “కిడ్నీల రాయి. ఇప్పటికైతే చిన్నదే. నీళ్లు బాగా తాగితే అదే పడిపోతది. తాగకుంటే పెరుగుతది, కోసి తియ్యాలె.”

“కోస్తే ఉరకొచ్చా మేడం? వానాకాలంల సెలక్షన్ ఉన్నది.”

“కుట్ల మీద ఉరుకుతవా? ఈ ఏడు మర్చిపో.”

మర్చిపోయే మనిషి కాదు సుగుణమ్మ. మర్నాడు పెద్ద డబ్బాతో నీళ్లు తెచ్చుకుంది. పక్కన గింజలు ఏరే ముసలి గులాబ్‌బీ బెదిరిపోయింది.

“అన్ని తాగితే యాడ కూసుంటవే బిడ్డా?”

“సేటు జాగాల, చిన్నమ్మా.”

మధ్యాహ్నం పోయి తాళంచెవి అడిగింది. గుర్వయ్య పకపకా నవ్వాడు.

“గిది సేటు కూసునే జాగా. నువ్వు కూసుంటె మళ్ల కడగాలె.”

“మేం ఏరిన పల్లీలు కడగకుండనే తింటడు గద మీ సేటు?”

“నోరు లేస్తాందే! పోలీసు నౌకరికి ఉరుకుతున్నవంట గద. ఇంటికి ఉరికి పోయిరా, పో!”

ఆడవాళ్లు కూడా నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, కూలి అతని చేతిలో ఉంది. సుగుణమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. ఉరికింది. రైలు గేటు అవతల ఇల్లు. పోయింది, వచ్చింది, మళ్లీ డబ్బా ఎత్తి తాగింది. ఆ పొద్దే ఇంకోసారి ఉరికింది. రోడ్డు మీది పోరగాళ్లు ఈలలు వేశారు. గుర్వయ్య సగం కూలి కోశాడు. మర్నాడూ కోశాడు. ఆమె తాగడం ఆపలేదు, ఉరకడం ఆపలేదు.

కొన్నాళ్లకు బాటలోనే నొప్పి ముంచుకొచ్చింది. ఇంటిదాకా పోయే ఓపిక లేదు. రైలు గేటు దగ్గర జనం చూస్తుండగా తుమ్మ చెట్టు కింద కూలబడింది. అక్కడే మూత్రంలో పడిపోయింది రాయి. తిరిగి వచ్చేసరికి గుర్వయ్య మిల్లు గేటు వేయించాడు.

“ఇంగ నీకు పని లేదు.”

సుగుణమ్మ సెలక్షన్‌లో ఉరికింది, నెగ్గింది. ఇది గెలుపు కథ అనుకొని ఎవరూ చప్పట్లు కొట్టకండి. మరుసటి ఎండాకాలం గులాబ్‌బీకి అదే నొప్పి వచ్చింది. కోశారు. సెలవు మీద వచ్చిన సుగుణమ్మ దవాఖానకు పోయి మంచం పక్కన కూర్చుంది.

“ఎందుకు తాగలేదు చిన్నమ్మా? నన్ను చూస్తివి గద!”

“నువ్వు ఉరికితివి. నా కాళ్లకు ఉరుకొస్తదా?” అంది గులాబ్‌బీ. “గుర్వయ్యను తాళంచెవి అడిగిన బిడ్డా. ముసలిదానివి, నువ్వు ఏ పోలీసుల చేరాలె, నీకెందుకు నీళ్లు అన్నడు.”

సుగుణమ్మ గుర్వయ్యనూ వాడి సేటునూ తిట్టడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమంది. సుగుణమ్మ గొంతు తగ్గించలేదు.