ఆమె నోట ఆయన పేరు

నాంపల్లిలో మా కిరాయి ఇంటి యజమాని కథలు రాసేటోడు. మేం పెద్దయ్య అనేటోళ్లం, ఆయన భార్యను పెద్దమ్మ అనేటోళ్లం. పేరు పలికితే మొగనికి ఆయుష్షు తగ్గుతదని, యాభై ఏండ్ల కాపురంల ఆమె ఆయన పేరు ఒక్కనాడు నోటికి తేలేదు. "ఇగో, ఇంటున్నరా?" అనే పిలిచేది. రేషన్ కార్డు రాసేటాయన ఇంటాయన పేరడిగితే, లోపల్నుంచి పత్రిక తెచ్చి, అచ్చయిన పేరు మీద వేలు పెట్టి చూపెట్టింది.

ముసలితనంల ఆమెకు మతి తప్పింది. ముందు వంట మరిచింది, తర్వాత మమ్మల్ని.

ఒకనాటి సాయంత్రం పెద్దయ్య ఆబిడ్స్‌ల కాగితాలు కొనుక్కొని వచ్చి తలుపు తట్టిండు. నేను అరుగు మీదున్న. ఆమె సగం తలుపు తీసి, కొంగు సవరించుకొని, ఆయన పేరు ఇంటిపేరుతో సహా పలికింది. "వారు ఇంట్ల లేరండి. జర కూసోండ్రి, వస్తరు" అని తలుపు మూసింది.

ఆయన నా పక్కన కూలబడ్డడు. "నా పేరు ఆమె నోట్ల ఎట్లుంటదో ఇన్నాళ్లకు ఇన్న" అన్నడు.

మర్నాడు ఆయనకు బయట పనేం లేదు. అయినా చెప్పులేసుకొని, వెనక దర్వాజ నుంచి బయటికి పోయి, ఇల్లు చుట్టు తిరిగొచ్చి, ముందు తలుపు తట్టిండు. నాకు కోపమొచ్చింది.

"గిదేంది పెద్దయ్యా! ఆయుష్షు తగ్గదా?"

"తగ్గనీ" అని, ఆయన మళ్ల తట్టిండు.