గేటు బయట నేను, గేటు మీద నా రూలు

నిన్న మదనపల్లెలో నేను పట్టుబట్టి పెట్టించిన రూలు నన్నే ఎండలో నిలబెట్టింది! నవ్వకండి, మొదటి నుంచీ చెప్తాను.

నా ఉద్యోగం కుప్పంలో. కూతుళ్లిద్దరూ మదనపల్లెలో హాస్టల్లో ఉండి చదువుతున్నారు. నెలకొక్కసారి ఔటింగ్. ఒంటిగంటలోపు గేటు దగ్గర పేరెంట్ కార్డు చూపించి పిల్లల్ని తీసుకెళ్లాలి. దాటిందా, మళ్లీ వచ్చే నెలే! పొద్దున్నే రాగి లడ్లు డబ్బాలో సర్దుకుని బయల్దేరాను. పలమనేరులో బస్సు మారేలోపు కార్డు ఉందో లేదోనని పదిసార్లు పర్సు తడిమి ఉంటాను.

పుంగనూరులో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పేరు మునిరత్నం. కాళ్ల దగ్గర మదనపల్లెలో ఉన్న కూతురింటికి తీసుకెళ్తున్న వంకాయల సంచి. పశువుల కొట్టానికి రేకులు మార్చుకోవాలన్నా ఏదో కాగితం తెమ్మంటున్నారని, ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగానని చెప్పాడు. అంతే, నాకు పూనకం వచ్చేసింది!

"కొట్టం మీది, రేకులు మీవి, ఆవులు మీవి. మధ్యలో వాళ్ల పెత్తనం ఏంటండీ? ప్రభుత్వం దొంగల్ని పట్టుకోవాలి, రోడ్లేయాలి, కోర్టులు నడపాలి. అంతవరకే!"

"అట్లంటే ఎట్లమ్మా? అందురూ మంచోళ్లే ఉండారా? పక్క సేనోడు నీళ్లన్నీ వాడే తోడేసుకుంటే?"

"వాణ్ణి పట్టుకోండి! ఏ తప్పూ చెయ్యనివాళ్లని కూడా ముందే అనుమానిస్తే ఎలా?"

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. వినేవాళ్లు పెరిగేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది. పర్సులో ఉన్న కార్డులన్నీ తీసి ఒళ్లో పేకముక్కల్లా పరిచాను. ఆధార్, పాన్, ఓటరు, రేషన్, హాస్టల్ కార్డుతో సహా!

"చూడండి! నేను నేనేనని ఎన్నిసార్లు నిరూపించుకోవాలి?"

సరిగ్గా అప్పుడే డ్రైవర్ సడన్ బ్రేక్ వేశాడు. కార్డులన్నీ కింద పడ్డాయి. ఏరుకున్నాను. అన్నీ ఏరుకున్నాననే అనుకున్నాను.

హాస్టల్ చేరేసరికి పన్నెండుంపావు. వాచ్‌మన్ రెడ్డెప్ప చెయ్యి చాపాడు. పర్సు తెరిస్తే ఆధార్ ఉంది, పాన్ ఉంది. హాస్టల్ కార్డు లేదు!

"రెడ్డెప్పా, నేను నీకు తెలీదా? నెలనెలా వస్తానే!"

"తెలుసమ్మా. తెలిసినోళ్లయినా కార్డు లేకుంటే పంపొద్దని పేరెంట్స్ మీటింగులో లేసి సెప్పింది మీరే కదా?"

"ఫోన్లో కార్డు ఫోటో ఉంది, చూడు."

"ఫోటో సెల్లదని కూడా మీరే అంటిరి."

"పోనీ, వార్డెన్ మేడంతో ఫోన్ చేయిస్తాను."

"గొంతు ఎవురైనా మార్సొచ్చంట. మూడో పాయింటు." గేటుకు అంటించిన కాగితం చూపించాడు. అన్నీ నా పాయింట్లే!

ఏం చెయ్యను? పిల్లలు అంత దూరంలో ఉంటే కనిపించిన ప్రతి కంతా మూసేయాలనిపిస్తుంది. అన్నీ మూసేశాను. నేను దూరడానికి కూడా ఒక్కటి మిగల్లేదు.

చిన్నది జడలు వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చి గేటు ఊచల్లోంచి నా వేళ్లు పట్టుకుంది. పెద్దది మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

"పోయిన నెల మా ఫ్రెండు వాళ్ల అవ్వ కూడా ఇట్లే వెనక్కి పోయిందమ్మా, నీ రూలు వల్ల!"

టైం చూస్తే పన్నెండూ నలభై ఐదు. చిన్నదాని కళ్లలో నీళ్లు.

అప్పుడు వచ్చి ఆగింది ఒక ఆటో! అందులోంచి మునిరత్నం!

"ఏం తల్లీ! మా బిడ్డ సంచి కుమ్మరిస్తే వంకాయల్లో నుంచి నీ ఫోటో వచ్చె! కార్డు మీద హాస్టల్ పేరుంటే యెతుక్కుంటా వస్తి."

నాకు కాళ్ల మీద పడాలనిపించింది. రెడ్డెప్పకీ ప్రాణం లేచొచ్చినట్టుంది. కార్డు చూసి, సంతకం పెట్టించుకుని, గేటు బార్లా తెరిచాడు. "రాప్పా, ఎండన పడి వచ్చినావు. లోపలికొచ్చి నీళ్లు తాగు" అని ఆయన్ని పిలిచాడు. పిల్లలిద్దరూ నన్ను చుట్టేశారు. ఆయన లోపల అడుగు పెట్టాడో లేదో, నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"రెడ్డెప్పా! ఆయనెవరో ఏంటో చూడకుండా లోపలికి ఎలా రానిస్తావు? పిల్లలుండే చోటు ఇది!"

పెద్దాయన నావైపు ఒక్క చూపు చూశాడు. నింపాదిగా జేబులో చెయ్యి పెట్టి తన ఆధార్ తీశాడు. రెడ్డెప్పకి కాదు, నా చేతిలో పెట్టాడు.

సిగ్గుతో చచ్చిపోయాను.

కానీ రెండు వైపులా తిప్పి చూశాకే తిరిగిచ్చాను.