అక్క పళ్ళేనికి కొన్న లెన్సు

మా అక్క నన్ను అడిగింది ఒకే ఒక్క ఫోటో. దాని కోసం నేను నాలుగు నెలలు చదివాను. ఎమ్మెస్‌లో కూడా అంత చదవలేదు. నా గ్రేడ్లు చూసినవాళ్ళెవరూ ఈ మాట కాదనరు.

అప్పట్లో నేను అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో అక్కా బావల ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. నా ఆస్తి ఒక రిమోట్ ఉద్యోగం, ఒక హెచ్ వన్ వీసా, ఒక మిర్రర్‌లెస్ కెమెరా. కెమెరాతో పాటు ఇచ్చిన చిన్న లెన్సుతోనే తెలిసినవాళ్ళ పిల్లల పుట్టినరోజులు తీసేవాణ్ణి. ఆ వీసా మీద పక్క పని చేసి డబ్బు పుచ్చుకోకూడదు కాబట్టి బిర్యానీ ట్రేలు పుచ్చుకునేవాణ్ణి. బిర్యానీ గురించి ప్రభుత్వం ఇంకా ఏమీ రాయలేదు.

అక్క విజయవాడలో ఎనిమిదో ఏట గజ్జె కట్టి పెళ్ళిదాకా కూచిపూడి చేసింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఇక్కడ డిపెండెంట్ వీసా. వీసా పేరు అది గానీ, ఇంట్లో మేమందరం ఆమె మీద డిపెండెంట్లం. చివరికి పని చేసుకోవడానికి అనుమతి కార్డు వచ్చింది. బావ ఆ కార్డుని ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో పెట్టాడు. అక్క దాన్ని తీసి పర్సులో పెట్టుకుని, డాన్సు క్లాసు మొదలుపెడతానంది.

కమ్మింగ్‌లో డాన్సు క్లాసు మొదలుపెట్టడానికి డాన్సు వస్తే చాలదు, ఫ్లయర్ అనే ప్రకటన కావాలి. ఫ్లయర్‌కి టీచరు ఫోటో కావాలి. అక్క దగ్గరున్నవి పెళ్ళికి ముందువి.

"ఆ ఫోటోల్లో ఉన్నది ఎవరో పిల్లరా. ఇప్పుడు నేను చేయగలనని కనపడాలి. ఉగాది ప్రోగ్రాంలో తరంగం చేస్తున్నాను. పళ్ళెం మీద ఉన్నప్పుడు తియ్యి," అంది.

తరంగం అంటే చివర్లో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, కాలి వేళ్ళతో దాన్ని పట్టుకుని, తాళం తప్పకుండా నేల మీద జరుపుకుంటూ ఆడటం. తొమ్మిదేళ్ళు మానేసినవాళ్ళకి మోకాళ్ళు ముందు ఎదురు తిరుగుతాయి, తర్వాత మడమలు. బేస్‌మెంట్‌లో కార్పెట్టూ, దాని మీద నేనూ ఉన్నాం కాబట్టి ఆమె గరాజ్‌లో, బావ కారు బయట పెట్టించి, సిమెంటు నేల మీద సాధన చేసేది. ఆ చప్పుడుకి హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వాళ్ళు ఈమెయిల్ పంపారు, ఇంట్లో లోహపు పనుల వ్యాపారం ఏమైనా నడుపుతున్నారా అని. నేను జవాబు రాస్తానన్నాను. నన్ను రాయనివ్వలేదు.

"పళ్ళెం పడాలి. మొహం పడకపోయినా పర్లేదు," అంది అక్క ఇంకోసారి. నేను ఫోన్‌లో లెన్సు రివ్యూ చూస్తూ తల ఊపాను.

ప్రోగ్రాం జరిగేది ఒక హైస్కూలు ఆడిటోరియంలో. లైట్లు వేసేది తెలుగు సంఘం వాలంటీర్లు, అంటే పగలంతా డేటాబేసులు చూసుకునేవాళ్ళు. ఫ్లాష్ వాడకూడదు. డాన్సర్ వెనక ఎల్ఈడీ గోడ. దాని మీద దేవాలయం బొమ్మ కంటే ఎక్కువసేపు స్పాన్సర్, ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్ గారు కనిపిస్తారు. కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, పన్నెండు అడుగుల ఎత్తున నవ్వుతూ. కాబట్టి నాకు కావలసిన లెన్సు మూడు పనులు చేయాలి: దూరం నుంచి తీయాలి, చీకట్లో తీయాలి, రియల్టర్‌ని మాయం చేయాలి.

ఇలాంటి పనులకే ఫాస్ట్ టెలిఫోటో ప్రైమ్ అనేది ఉంది. ప్రైమ్ అంటే జూమ్ లేనిది. దగ్గరగా కావాలంటే మనమే ముందుకు నడవాలి, దూరంగా కావాలంటే వెనక్కి. ఫాస్ట్ అంటే ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చేది. పైగా వెనకనున్నదాన్ని మసకబరిచి వెన్నలా కరిగించేది. ఇక మిల్లీమీటర్ల అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరవుతుంది. ఎనభై అయిదు, నూట అయిదు, నూట ముప్ఫై అయిదు, రెండు వందలు: వీటిలో ఏది అని లోకంలో రెండు వర్గాలుంటాయి అనుకుంటే పొరపాటు, నలభై ఉన్నాయి. ఇంటర్నెట్‌లో లెన్సుల గురించి కొట్టుకునేవాళ్ళు మనుషుల్ని తీయరు, ఇటుక గోడల్ని తీస్తారు. ఫోటోని నాలుగు వందల శాతం పెద్దది చేసి, మూలనున్న ఇటుక కాస్త మసకబడిందని బాధపడతారు. రెండో నెలకల్లా నేనూ బాధపడటం మొదలుపెట్టాను.

బావ ఒకరోజు డిష్‌వాషర్ సర్దుతూ నా గోల అంతా విన్నాడు.

"జూమ్ కొనరా. కూచున్న చోటే తిప్పుకోవచ్చు."

"అది రెండు పాయింట్ ఎనిమిది, బావా. నేను చూసేది ఒకటి పాయింట్ ఎనిమిది."

"ఒకటేగా తేడా."

"అంకె తగ్గితే వెలుతురు పెరుగుతుంది. రెండింతల పైన తేడా. వెనకదంతా కరిగిపోతుంది."

"కరిగిపోతే ఏంటి లాభం? అక్క దూకితే నువ్వు పరిగెత్తాలి."

"ప్రైమ్ వాడేవాడికి క్రమశిక్షణ వస్తుంది బావా."

"అయితే తప్పకుండా కొను," అన్నాడు బావ, నేను సింకులో వదిలేసిన గిన్నె తీసి నీళ్ళ కింద పెడుతూ.

ఎనభై అయిదు దూరం నుంచి సరిపోదు. రెండు వందలది మోయాలంటే ముందు జిమ్‌లో చేరాలి. నూట ముప్ఫై అయిదు దగ్గర ఆగాను. ఇక్కడ నా గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలి, తర్వాత అవకాశం రాదు: నేను లెక్క సరిగ్గానే వేశాను. వాక్యూమ్ క్లీనర్‌ని అన్నం కంచంలో నిలబెట్టి, ఇంటి ముందు డ్రైవ్‌వేలో టేపు పట్టుకుని కొలిచాను. నలభై అడుగుల దూరంలో ఉంటే మనిషీ, ఎత్తిన చేతులూ, కింద పళ్ళెమూ అన్నీ ఫ్రేములో పడతాయి. ఆడిటోరియంలో అది తొమ్మిదో వరుస. కుక్కని తిప్పుతున్న పక్కింటాయన ఇదంతా చూసి, ఏమీ అడగకుండా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ప్రోగ్రాం రోజు తొమ్మిదో వరుస చివర సీటులో నా జాకెట్ వేసి నిలబడ్డాను. సంఘం కల్చరల్ సెక్రటరీ గారు వచ్చారు. ఆయన అంతకుముందు నన్ను మూడుసార్లు చూసి మూడుసార్లూ కేటరింగ్ కుర్రాడనుకున్నారు. ఈసారి ఆయన కళ్ళు తిన్నగా లెన్సు మీద పడ్డాయి.

"అబ్బో. తమ్ముడూ, ఇంత పెద్దది పెట్టుకుని వెనక నిలబడ్డావేంటి? ముందుకి రా."

"ఇక్కడే బావుంటుందండీ. దూరం కావాలి."

"ముందు నుంచి తీస్తే ఇంకా బావుంటుంది కదా," అని నా మెడలో ఒక బ్యాడ్జి వేశారు. దాని మీద మీడియా అని ఉంది.

ఆ బ్యాడ్జి ఖరీదు ఒక అట్టముక్క, ఒక దారం. కానీ అమెరికా వచ్చాక నా మెడలో ఎవరైనా ఏదైనా వేయడం అదే మొదటిసారి. నేను ముందుకి వెళ్ళాను. మనసులో ఒక పథకం వేసుకున్నాను కూడా: అక్క ఐటం పన్నెండు నిమిషాలు. మొదటి ఆరు నిమిషాలు అభినయం, అది ముందు నుంచి తీస్తాను. పళ్ళెం వచ్చేది తర్వాత. అప్పటికి వెనక్కి నడిచి వెళ్తాను. పెళ్ళివారు కూడా ఇంత చక్కగా ప్లాన్ చేసుకోరు.

ఆ రోజు సన్మానాలు పదకొండు జరిగాయి. ఒక్కొక్క శాలువాకి ఒక ప్రసంగం. సన్మానం చేసినవాళ్ళకి కూడా సన్మానం చేశారు. తెర వెనక ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది: అక్కకి పన్నెండు కాదు, నాలుగు నిమిషాలే అన్నారు. ఆమె వాదించలేదు. అభినయమంతా వదిలేసి, పాటని నేరుగా చివరి భాగానికి జరిపించి, పళ్ళెం పట్టుకుని స్టేజి మీదికి వచ్చింది.

నేను స్టేజికి పదిహేను అడుగుల దూరంలో నేల మీద కూచుని, ఒక కన్ను మూసుకుని ఉన్నాను. లెన్సులోంచి అక్క మొహం కనిపించింది. నాలుగు నెలల చదువు వృథా కాలేదని ఆ క్షణంలో తెలిసింది. కాటుక గీత గీతగా కనిపిస్తోంది, నుదుటి మీద చెమట చుక్క విడిగా మెరుస్తోంది. వెనక రియల్టర్ గారు గులాబీరంగు మబ్బులా కరిగిపోయారు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకా కరుగుతారని చదివాను, నిజమే. నేను తీస్తూనే ఉన్నాను. అక్క కళ్ళు పక్కకి తిరిగితే తీశాను, పెదవి కదిలితే తీశాను. ఎంతసేపని అడక్కండి, రెండు నిమిషాల పైనే.

చెవులు కెమెరాకి లేవు గానీ నాకున్నాయి. కాసేపటికి గజ్జెల కింద ఇంకో చప్పుడు వినిపించింది, చెక్క మీద ఇత్తడి రాసుకుంటున్న చప్పుడు. కెమెరా కిందికి దించాను. అక్క పళ్ళెం మీద ఉంది. ఎప్పటినుంచో ఉంది. నా ఫ్రేములో ఆమె నడుము దగ్గర ఆగిపోయింది కాబట్టి నాకు తెలియలేదు.

లేచి నడవా వెంట వెనక్కి పరిగెత్తాను. ఎదురుగా పదకొండో సన్మానం పొందినాయన, శాలువా, దండ, ఫ్యామిలీ సమేతంగా, వెనక తలుపులోంచి తమ సీట్లకి దిగి వస్తున్నారు. నా బ్యాడ్జి చూసి ఆగారు. ఫోటోకి నిలబడ్డారు.

"ఒక్క నిమిషం సార్, మా అక్క..." అన్నాను.

"తీసుకోండి తీసుకోండి, పర్లేదు," అన్నారాయన, భార్యని దగ్గరికి లాక్కుంటూ.

ఆయన్ని దాటుకుని తొమ్మిదో వరుస చేరేసరికి పాటని మధ్యలో తగ్గించేశారు. అక్క పళ్ళెం దిగి దణ్ణం పెట్టింది. పళ్ళెం తానే వంగి తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ నడక మాత్రం తల నుంచి కాలి దాకా ఫ్రేములో సరిగ్గా పడింది. వీపు వైపు నుంచి.

మర్నాడు వంటింట్లో ఐలాండ్ అనే నడిమి గట్టు దగ్గర లాప్‌టాప్ తెరిచాను. బావ ముందు చూశాడు. "బాబోయ్, ఏం వచ్చాయిరా. మీ అక్క హీరోయిన్‌లా ఉంది," అన్నాడు. అక్క చేతులు తుడుచుకుని వచ్చి కూచుంది. ఒక్కొక్కటే చూసింది. రెండు వందల పద్నాలుగు ఫోటోలు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"పళ్ళెమేదిరా?"

"పన్నెండు నిమిషాలన్నావు కదా అక్కా. నేను..."

"కాళ్ళేవి?"

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. అప్పుడూ ఉంది. "కాళ్ళు నీ దగ్గరే ఉన్నాయిగా," అన్నాను. ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

"మొహం బానే ఉందిరా," అంది అక్క. "మొహం ఫోటో చూసేగా పెళ్ళి చేసుకుని నన్నిక్కడికి తెచ్చుకున్నారు. అలాంటిదొకటి అప్పటినుంచే ఉంది."

బావ లేచి వెళ్ళి, అప్పటికే సర్దేసిన డిష్‌వాషర్ మళ్ళీ తెరిచాడు.

మళ్ళీ తీద్దాం అన్నాను. గరాజ్ తలుపెత్తి, నేను మెయిల్‌బాక్స్ దగ్గర నిలబడితే నలభై అడుగులు వస్తుంది. కొలిచి ఉంచాను కూడా.

"ఫోటో కోసం పళ్ళెం ఎక్కితే అది నిలబడటంరా, ఆడటం కాదు. ఆడింది నిన్న అయిపోయింది," అంది. మోకాలికి ఐస్ పెట్టుకోవడానికి ఫ్రీజర్‌లోంచి బఠాణీల ప్యాకెట్ తీసుకుని పైకి వెళ్ళింది.

ఫ్లయర్ మాత్రం ఆగలేదు. బావ మంచివాడు, ఆలస్యం చేయడు. మొహం ఫోటోల్లో ఒకటి పెట్టి, పైన కూచిపూడి అని రాసి, ఊళ్ళో ఉన్న తెలుగు గ్రూపులన్నిటిలో పంపాడు. గంటలో వంద హృదయం బొమ్మలు వచ్చాయి. మూడోరోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోను అక్క స్పీకర్‌లో పెట్టింది, మేమందరం వినాలని.

"హలో అండీ, మీ ఫ్లయర్ చూశాం. ఆ మేకప్ ఎవరు చేశారండీ?"

"నేనే చేసుకున్నానండీ. క్లాసు గురించా?"

"అబ్బే, మా పాపకి డాన్సు వేరే చోట అవుతోంది. ఆ ఐ మేకప్ ఎంత షార్ప్‌గా ఉందో. హాఫ్ శారీ ఫంక్షన్‌కి మీరు చేస్తారా?"

ఆ వారంలో వచ్చిన తొమ్మిది ఫోన్లలో ఏడు మేకప్ గురించి. ఒకటి, ఆ లెన్సు ఏదని నాకు. ఒకటి రియల్టర్ గారి ఆఫీసు నుంచి, స్టేజి ఫోటోల్లో తమ సార్ కనిపిస్తున్నవి ఉంటే పంపమని. క్లాసు గురించి ఒక్కటీ లేదు. అక్క ముందు రెండు మేకప్‌లు ఒప్పుకుంది, తెలిసినవాళ్ళని కాదనలేక. అవి చూసి నలుగురు అడిగారు. వేసవికల్లా శనివారాలన్నీ నిండిపోయాయి. క్లాసు వచ్చే సీజన్‌లో అంది, ఆ తర్వాత అనడం మానేసింది. గరాజ్‌లో బావ కారు మళ్ళీ లోపలికొచ్చింది.

నేనూ ఖాళీగా లేను. మేకప్‌తో పాటు తమ్ముడి ఫోటోలు ఉచితం. నూట ముప్ఫై అయిదుని మించిన లెన్సు మొహాలకి ఇంకోటి లేదు. ఈ మాట నేను పూచీ ఇచ్చి చెప్పగలను.

మొన్న శనివారం ఒక ఇంట్లో హాఫ్ శారీ ఫంక్షన్. పైన బెడ్‌రూంలో పదమూడేళ్ళ పిల్లని కుర్చీలో కూచోబెట్టి అక్క కళ్ళు దిద్దుతోంది. నేను తలుపు దగ్గర గోడకి ఆనుకుని, మొహం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాను. కింద పాట పెట్టి చూసుకుంటున్నారు. కుర్చీలో ఉన్న పిల్ల లంగా కింద కాళ్ళతో ఏవో అడుగులు వేస్తోంది, తాళం తప్పుగా. బ్రష్ పట్టుకున్న అక్క చెయ్యి ఆగింది. చూపు కిందికి దిగింది. పెదవులు చప్పుడు లేకుండా లెక్క పెట్టడం నేను చూశాను. సరైన లెక్క.

"సారీ ఆంటీ, జస్ట్ ప్రాక్టీస్ చేస్తున్నా. స్టేజ్ మీద నేనే ఫస్ట్," అంది ఆ పిల్ల.

అక్క ఎడమచేయి ఆ పిల్ల మోకాలి మీద పెట్టి నొక్కి పట్టుకుంది.

"కదలకమ్మా. ఐలైనర్ పోతుంది."