సదాశివ ముక్కు

సీతాఫల్‌మండిలో బైక్ మెకానిక్ సదాశివ ముక్కుకు పెద్ద పేరు. ఇంజనులోంచి తీసిన పాత ఆయిల్‌ను వేలికి రాసుకుని వాసన చూశాడంటే, బండి ఎంత తిరిగిందో ఇట్టే చెప్పేస్తాడు. ఆ పాత ఆయిల్‌ను ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున్నే షాపు ముందు మట్టి మీద చల్లుతున్నాడు, దుమ్ము లేవకుండా. దోమలు చావాలని, మోరీలో పోయడానికి పక్కింటి లచ్చమ్మ సీసా పట్టుకొస్తే ఆమెకూ నింపి ఇచ్చేవాడు.

మొన్న టీవీలో ఒడ్డుకెక్కిన ఓడనూ, దాని చుట్టూ ఆయిల్ కారి నల్లబడిన సముద్రాన్నీ చూసి మండిపడ్డాడు.

"దరియా అంతా ఖరాబ్ జేసిండ్రు, అకల్ లేనోళ్లు!"

ఆ వారమే లచ్చమ్మ పెరట్లోని పాత బావికి పూడిక తీయించింది. ఊరిన నీళ్లు చెంబులో పట్టుకుని షాపుకొచ్చింది.

"సదాశివా, గీ వాసనేందో జెర చూడు. ఏ కంపెనోళ్లు పారబోసిండ్రో!"

సదాశివ వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ ముంచి వాసన చూశాడు.

"కంపెనోళ్లు గాదక్కా," అన్నాడు చివరికి. "నా షాపుదే."

మర్నాడు పొద్దున షాపు ముందు దుమ్ము లేచింది. సదాశివ దగ్గుతూనే పనిలో కూర్చున్నాడు.