నీళ్ళు లేని బావికి తాడు

మా చిన్నప్పుడు... తెల్లారేసరికి మా నాయనమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, గోగునార తొడ మీద రుద్దుతూ తాడు పేనుతుండేది. బావికి తాడు. ఆ బావిలో అప్పటికింకా చుక్క నీరు లేదు!

రొంపిచెర్ల పక్కన మాది చిన్న క్రైస్తవ పల్లె. నలభైల నాటి సంగతి... నాకు ఎనిమిదేళ్ళు. నీళ్ళు కావాలంటే ఊరి బావి దగ్గరికే పోవాలి, కానీ ఆ బావిని మేము ముట్టుకోకూడదు. కడవలు దించి దూరంగా నిలబడితే, ఎవరికైనా దయ కలిగినప్పుడు పోసేవాళ్ళు. ఎండ నడినెత్తికి వచ్చినా అమ్మ కడవ నిండని రోజులు ఎన్నో...

అందుకే ఆ ఎండాకాలం పల్లెలో మగవాళ్ళంతా కలిసి సొంత బావి తవ్వడం మొదలుపెట్టారు. ముందు నిలబడింది దావీదు మామ.

తవ్వకం మొదలైన రోజు నాయనమ్మ నాచేత బైబిల్లో యెషయా గ్రంథం చదివించుకుంది. ఆమెకు చదువు రాదు. నీళ్ళు దొరక్క నాలుక ఎండిన పేదవాళ్ళను తాను విడిచిపెట్టనని దేవుడు మాటిచ్చిన చోటు అది. విన్నది, లేచింది, నార తెచ్చుకుంది. అంతే.

మట్టి పోయి రాయి తగిలింది. పల్నాటి రాయి... రోజంతా కొట్టినా జానెడు దిగేది కాదు. గుంట ఎంత దిగినా, నాయనమ్మ తాడు మాత్రం దానికంటే రెండు బారలు ఎక్కువే ఉండేది.

"ఏందత్తా, గుంటలో తడి లేదు, నీ తాడు చూస్తే కోటప్పకొండ ఎక్కేట్టుంది!" అన్నాడు దావీదు మామ.

"నీళ్ళియ్యటం ఆయన పని అబ్బాయా. తాడు నా పని. రేపు నీళ్ళొచ్చి తాడు పొట్టయితే ఆ సిగ్గు నాది."

"మరి నీళ్ళు రాకపోతే?"

"ఆ సిగ్గు ఆయనది. ఆయనకి పరువు లేదనుకున్నావా?"

నాకు అప్పటికే అనుమానాల బుద్ధి. "ఆ మాట ఎప్పుడో, ఎవరికో చెప్పింది గదా నాయనమ్మా... మనకెట్టా చెల్లుద్ది?" అని అడిగాను.

"ఏమే, వాళ్ళ దప్పిక వేరు, మన దప్పిక వేరా?" అంది, నార మీద నుంచి చూపు తిప్పకుండా.

నెల తిరిగేసరికి గునపాలు మొండిబారాయి. చేతులు బొబ్బలెక్కాయి. కూలి మానుకుని ఎన్నాళ్ళు తవ్వుతారు... ఒక సోమవారం ఎవరూ గుంటలోకి దిగలేదు. అమ్మ కడవ ఎత్తుకుని ఊరి బావి దారి పట్టింది, ఇక ఎప్పటికీ ఇంతే అన్నట్టు.

నాయనమ్మ నారకట్ట చంకన పెట్టుకుని పోయి, ఆ ఎండు గుంట గట్టున కూర్చుని పేనసాగింది. రెండు రోజులు. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ తిట్టలేదు.

మూడోరోజు దావీదు మామ గునపం భుజాన వేసుకుని వచ్చాడు. "ముసల్ది ఇక్కడ కూసుంటే నాకు ఇంట్లో కూడు దిగట్లా" అని గొణుక్కుంటూ దిగాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు.

ఆ సాయంత్రం గునపం ఒక నెర్రెలో దిగబడింది. బయటికి లాగితే మొన చెమ్మగా ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఆ మొనను ముట్టి చూశారు...

తెల్లారి వంగి చూస్తే బావి అడుగున మోకాలెత్తు నీళ్ళు! అందులో ఇంత ఆకాశం ముక్క, చుట్టూ మా తలలు. దావీదు మామ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

నాయనమ్మ తాడుకు చేద కట్టి నన్ను పిలిచింది. "దా, నువ్వు తోడవే."

అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ బావిలో చేద వేసి ఎరగరు. నీళ్ళు పైకి వస్తుంటే ఆ బరువు... అవతలి కొసను దేవుడే పట్టుకున్నాడేమో అనిపించింది.

ఇప్పుడు, ఈ ఎనభైల్లో, నాకు నలభై దాటాయి. యూనివర్సిటీ దాకా చదివాను. రాతి నెర్రెల్లో నీరు ఎలా నిలుస్తుందో వివరించగలను. ప్రార్థన మధ్యలో "వింటున్నాడా?" అని ఆగిపోయే మనిషిని నేను. కానీ ఆమె ఆ గట్టు మీద కూర్చున్న రెండు రోజులకు నా చదువులో వివరణ దొరకలేదు...

పల్లెలోకి కుళాయిలొచ్చాయి. మా పిల్లలకు ఎవరి దయ కోసమూ నిలబడే పని లేదు. ఎంతో మంచిదే. కుళాయి తిప్పితే మాత్రం ఎవరి ఒళ్ళూ జలదరించదు...

మీ ఇళ్ళల్లోనూ, కంటికి కనపడకముందే మాటను నమ్మి పనిలోకి దిగినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి చెప్పండి... నాలాంటి అనుమానపు మనిషికి ఆ సంగతులు వినడం అవసరం.